ఏ మైకు అని అడిగే ముందు

సాలిగ్రామంలో ఒక అద్దె గదిలో గిటార్ నేర్పుతూ, చిన్న బ్యాండ్లకు రికార్డింగ్ చేసిపెడుతూ పన్నెండేళ్లుగా చెన్నైలో ఉంటున్నాను. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, దాచుకున్న డబ్బుతో ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి స్పీకర్ ద్వారా వినిపించే ఆంప్లిఫయర్) కొనుక్కున్న కుర్రవాళ్లు నన్ను అడిగే మొదటి మాట, "అన్నా, దీన్ని రికార్డు చేయడానికి ఏ మైకు కొనమంటావు?" అని. ఒక పేరు చెప్పి పంపించేయవచ్చు, చాలాకాలం అలాగే చెప్పాను కూడా. కానీ పేరు పట్టుకుని వెళ్లినవాళ్లు ఆరు నెలలకు మరింత ఖరీదైన ఇంకో మైకు కోసం మళ్లీ వస్తుంటే, జవాబు చెప్పే పద్ధతి మార్చుకోవలసింది నేనేనని అర్థమైంది.

ముందు స్పీకర్ గురించి ఆలోచించాలి. గిటార్ ఆంపులో సాధారణంగా ఉండే 12 అంగుళాల స్పీకరుకు ట్వీటర్, అంటే సన్నని ధ్వనుల కోసం ఉండే చిన్న స్పీకర్, ఉండదు. 5,000 హెర్ట్జ్ (సెకనుకు 5,000 కంపనాలు) దాటాక దాని ధ్వని వేగంగా పడిపోతుంది. కాబట్టి 20,000 హెర్ట్జ్ వరకు పట్టగలదన్న గొప్పతో అమ్మే మైకుకు ఇక్కడ ఆ గొప్ప పెద్దగా ఉపయోగపడదు. పైగా ఆ స్పీకర్ అంతటా ఒకేలా మోగదు. నడిమధ్యనున్న గుండ్రని మూతకు, అంటే డస్ట్ క్యాపుకు, ఎదురుగా మైకు పెడితే పదునైన, చెవికి గుచ్చుకునే శబ్దం వస్తుంది, అంచు వైపు జరిపేకొద్దీ అది మెత్తబడి బరువెక్కుతుంది. ఒక్క అంగుళం జరిపితే వచ్చే తేడా, ఒకే రకానికి చెందిన రెండు మైకుల మధ్య ఉండే తేడా కంటే ఎక్కువగా ఉండడం నేను చాలాసార్లు విన్నాను. వీణకు మైకు ఎక్కడ పెట్టాలన్న విషయం మీద కచేరీకి ముందు అంత శ్రద్ధగా మాట్లాడుకునే ఈ ఊళ్లో, గిటార్ ఆంప్ దగ్గరకు వచ్చేసరికి మైకును గ్రిల్ గుడ్డకు ఆనించి వెళ్లిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక మైకుల సంగతి. 1965లో వచ్చిన షూర్ ఎస్ఎం57 ఇన్నేళ్లుగా ఆంపుల ముందు నిలబడి ఉండడానికి కారణం అలవాటు ఒక్కటే కాదు. అది డైనమిక్ మైకు, అంటే శబ్దానికి కదిలే తీగచుట్టతో పనిచేసేది, ఎంత పెద్ద శబ్దానికైనా తట్టుకుంటుంది. 6,000 హెర్ట్జ్ ప్రాంతంలో దానికి ఉన్న చిన్న ఉబ్బు, అంటే అక్కడి ధ్వనిని కాస్త ఎక్కువగా పట్టే గుణం, డ్రమ్ముల వెనుక గిటార్ మరుగున పడిపోకుండా ముందుకు తెస్తుంది. ఆంప్ ఇప్పటికే పదునుగా ఉంటే ఆ ఉబ్బే శత్రువవుతుంది. అప్పుడు 1960 నాటి సెన్‌హైజర్ ఎండీ 421 మెరుగని నా అభిప్రాయం, ఎందుకంటే దానిలో దిగువ ధ్వని నిండుగా ఉంటుంది, ఎక్కువైతే తగ్గించుకోవడానికి మైకు మీదే మీట ఉంటుంది.

పల్చని లోహపు రేకు కదలికతో శబ్దాన్ని పట్టే రిబ్బన్ మైకు అంటే నాకు ప్రత్యేకమైన ప్రేమ. జిమీ హెండ్రిక్స్ గిటారును రికార్డు చేసిన ఎడ్డీ క్రేమర్ బేయర్‌డైనమిక్ ఎం160 అనే రిబ్బన్ మైకు వాడాడంటే ఆశ్చర్యం లేదు. గరగరలాడే డిస్టార్షన్ కూడా రిబ్బన్ ముందు చెవికి హాయిగా మారుతుంది. అయితే రాయర్ ఆర్-121 వంటి రిబ్బన్ మైకులు ముందు వైపు ఎంత వింటాయో వెనుక వైపు కూడా అంతే వింటాయి. పది అడుగుల గదిలో వెనుక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం, ఏసీ రొద, అన్నీ అందులోకి వచ్చేస్తాయి. ఆ మైకులోని అల్యూమినియం రేకు మందం మిల్లీమీటరులో వెయ్యోవంతు లెక్కల్లో ఉంటుంది కనుక, గట్టిగా ఊదినా చిరిగిపోవచ్చు. తీగ సరిగ్గా లేనప్పుడు మైకు తీగలోంచే పంపే 48 వోల్టుల కరెంటు, ఫాంటమ్ పవర్, ఆన్ చేసినా దెబ్బతినవచ్చు. మొదటి మైకుగా దాన్ని ఎవరికీ సలహా ఇవ్వను.

విద్యుత్తు నింపిన పల్చని పొరతో శబ్దాన్ని పట్టే కండెన్సర్ మైకును ఆంపుకు కాస్త దూరంగా, మంచి గదిలో పెడితే అందంగా ఉంటుంది. కానీ మన గదులు మంచి గదులు కావు. పైగా సముద్రం పక్కనున్న ఈ ఊరి గాలిలోని చెమ్మ దాని క్యాప్సూల్‌లో (శబ్దాన్ని పట్టే భాగంలో) చేరితే చిటపటలు మొదలవుతాయి. నవంబరు వానల్లో సిలికా జెల్ పొట్లం లేని పెట్టెలో దాన్ని ఉంచడం మంచిది కాదు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది, ఒక మైకు పెట్టడం రాకుండానే రెండు పెట్టడం. నాలుగేళ్ల క్రితం మా బ్యాండ్ నగరంలోని ఒక స్టూడియోలో రెండు రోజులు రికార్డు చేసింది. ఒకే స్పీకర్ ముందు రెండు మైకులు పెట్టారు, దూరాలు ఎవరూ చూడలేదు. ఇంటికొచ్చి వింటే గిటార్ రేకుడబ్బాలా మోగింది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. రెండు మైకుల దూరంలో మూడున్నర సెంటీమీటర్ల తేడా ఉంటే, 5,000 హెర్ట్జ్ దగ్గర ఒకదాని తరంగం రెండోదాని తరంగాన్ని చంపేస్తుంది. అంటే గిటారుకు ప్రాణమైన చోటే గుంట పడుతుంది. మిక్సింగులో ఎంత ప్రయత్నించినా ఆ గుంట పూడలేదు. చివరికి ఒక మైకు ట్రాకును పూర్తిగా తీసేశాం, దానికి పెట్టిన డబ్బు కూడా పోయింది.

అందుకే ఇప్పుడు నా దగ్గరకు వచ్చేవాళ్లతో మొదటి రోజు ఒకే పని చేయిస్తాను. ఒకరు వాయించకుండా ఆంప్ ఆన్ చేసి ఉంచుతారు. ఇంకొకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఆంప్ నుంచి వచ్చే సన్నని బుస వింటూ, మైకును స్పీకర్ ముఖం (కోన్) మీదుగా మధ్య నుంచి అంచుకు మెల్లగా జరుపుతారు. బుస ఎక్కడ పదునెక్కిందో, ఎక్కడ మెత్తబడిందో సుద్దతో గుర్తు పెట్టిస్తాను. రెండో మైకు కావాలనుకున్నవాళ్లకు మరో పని ఉంటుంది: దాని పొలారిటీ (తరంగం పైకీ కిందికీ ఊగే దిశ) తిరగేసి, రెండూ కలిసి అతి పలచగా వినిపించేదాకా జరిపి, అక్కడ ఆపి, పొలారిటీ మళ్లీ యథాస్థానానికి తేవాలి. అప్పుడు రెండూ కలిసి నిండుగా వినిపిస్తాయి. ఈ పనికి దాదాపు గంట పడుతుంది, ఆ గంటసేపూ ఏసీ ఆపేస్తాం.