ఈగిల్ సరస్సు రైలు: నీళ్లు అటు, మిల్లు ఇటు

ఈ రైలు ఎందుకు పుట్టిందో తెలియాలంటే ముందు నీళ్లు ఎటు పోతున్నాయో చూడాలి. అమెరికా ఈశాన్య మూలన, మెయిన్ రాష్ట్రం అడవుల్లో ఈగిల్ సరస్సు ఉంది. దాని నీళ్లు ఉత్తరంగా కెనడా వైపు పోతాయి. కాగితం మిల్లేమో దక్షిణాన మిల్లినాకెట్‌లో ఉండేది. దుంగను నీళ్లలో వదిలితే వాలుకు అదే కొట్టుకుపోతుంది, కానీ ఇక్కడ ఆ వాలు మిల్లుకు ఎదురు దిక్కు.

దీనితో కుస్తీ పట్టడం కొత్త కాదు. 1840ల్లోనే ఆనకట్ట కట్టి, కాలువ తవ్వి, పక్కనున్న చాంబర్లేన్ సరస్సు నీళ్లను దక్షిణానికి మళ్లించారు. తర్వాత 1900ల మొదట్లో ఈగిల్ నుంచి చాంబర్లేన్‌కు ఉక్కు తాడుతో దుంగలు లాగే ట్రామ్‌వే పెట్టారు, అదీ కొన్నేళ్లే.

ఆ తర్వాత దిగాడు ఎడ్వార్డ్ లక్రువా. క్విబెక్ కలప వ్యాపారి, కెనడా పార్లమెంటు సభ్యుడు కూడా. ఆ మిల్లు నడిపిన గ్రేట్ నార్తర్న్ పేపర్ కంపెనీకి కలప అందించడానికి 1926-27లో ఈగిల్ సరస్సు నుంచి అంబజూక్సస్ సరస్సు దాకా దాదాపు 13 మైళ్ల లైను వేయించాడు. భారీ ఆవిరి ఇంజన్లను చలికాలంలో, నేల గడ్డకట్టాక, అడవిలోంచి లాక్కొచ్చారు. ఆ మనుషుల కష్టం తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది! నాలుగడుగుల కలప ముక్కలు నీళ్లలోంచి కన్వేయర్ మీద పైకొచ్చి వ్యాగన్లలో పడేవి, లైను అవతలి చివర మళ్లీ నీళ్లలోకి, ఈసారి మిల్లు వైపు పారే నీళ్లలోకి. మిగతా దారంతా మోసింది నదే.

1933కల్లా ఆగిపోయింది. మాంద్యంలో కాగితానికి గిరాకీ పడిపోయాక అంత కలప ఎవరికి కావాలి? ఆరేళ్లే నడిచింది కాబట్టి దీన్ని ఫెయిల్యూర్ అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఇది ఊళ్లను కలపడానికి వేసిన లైను కాదు, ఉన్న కలపను గట్టు దాటించడానికి వేసినది. దాటించినన్నాళ్లు దాటించింది.

రెండు ఇంజన్లు ఇంకా ఈగిల్ సరస్సు దగ్గరే, చెట్ల మధ్య తుప్పు పట్టి ఉన్నాయి. వాటిపై ఉన్న షెడ్డు 1969లో కాలిపోయింది. వాటిని మ్యూజియానికి తరలించకుండా ఉంచడమే సరైనదని నా అభిప్రాయం. ఆ ఇంజన్ల పక్కన నిలబడి అటు ఈగిల్ వైపు, ఇటు చాంబర్లేన్ వైపు నడిచి చూస్తే చాలు, రెండు సరస్సుల మధ్య నేల ఎంత కొంచెమో తెలుస్తుంది. ఆ కాస్త నేల అడ్డాన్ని దాటి కలపను దక్షిణానికి పంపడానికే ఇంత ఇనుము మోసుకొచ్చారు.