కొత్తిమీర పడదంటే నమ్మండి

కొత్తిమీర పడదని ఎవరైనా చెప్పగానే చాలామంది ఇచ్చే సలహా, “ఏరి పక్కన పెట్టేయండి” అని. దయచేసి ఆ సలహా మానేద్దాం. తరిగిన ఆకు రసం అప్పటికే వంటకంలో కలిసిపోయి ఉంటుంది. నిజంగా అలర్జీ ఉన్నవాళ్లకు ఆకులు తీసేసినంత మాత్రాన ప్రమాదం తప్పదు.

కొత్తిమీర పడకపోవడం అందరిలో ఒకేలా ఉండదు, ఇందులో మూడు రకాలున్నాయి. మొదటిది రుచికి సంబంధించింది. కొందరికి అది నోట్లో సబ్బు పెట్టుకున్నట్టు ఉంటుంది. ఆ ఆకు వాసన చాలావరకు ఆల్డిహైడ్లు అనే పదార్థాల వల్ల వస్తుంది, సబ్బుల్లోనూ అలాంటివే ఉంటాయి. వాసన పసిగట్టడానికి పనికొచ్చే ఓఆర్6ఏ2 అనే జన్యువు దగ్గర ఉన్న ఒక తేడాకూ ఈ సబ్బు రుచికీ సంబంధం ఉందని 2012లో వేలమంది జన్యు సమాచారం పరిశీలించిన పరిశోధకులు చెప్పారు. అయితే జన్యువుల పాత్ర కొంతే. అదే ఏడాది కెనడాలో వచ్చిన మరో అధ్యయనంలో కొత్తిమీర నచ్చదన్నవాళ్లు తూర్పు ఆసియా మూలాలవారిలో 21 శాతం, దక్షిణాసియా మూలాలవారిలో 7 శాతం ఉన్నారు. వందమంది కూర్చునే విందులో ఏడుగురంటే తక్కువేమీ కాదు. వాళ్లకు ప్రాణభయం లేకపోయినా, బలవంతంగా తినిపించడం తప్పే.

అసలు చిక్కు రెండో రకంతో వస్తుంది. బర్చ్ చెట్టు పుప్పొడి, మగ్‌వర్ట్ అనే కలుపు మొక్క పుప్పొడి పడనివాళ్లలో కొందరికి కొత్తిమీర, సెలెరీ (కాడలు తినే ఒక కూర), సోంపు, జీలకర్ర లాంటివి కూడా పడవు. ఇవన్నీ క్యారెట్ కుటుంబానికి చెందినవి. పుప్పొడిలోని ప్రొటీన్లను పోలినవే వీటిలోనూ ఉండటంతో శరీరం రెండింటికీ తేడా పోల్చుకోలేదు. తిన్న కొద్ది నిమిషాల్లోనే పెదాలు, నాలుక, గొంతు దురద పెడతాయి, కొంచెం వాస్తాయి.

ఈ ప్రొటీన్లలో కొన్ని వేడికి దెబ్బతింటాయి. అందుకే పచ్చి కొత్తిమీర పైన చల్లితే దురద పెట్టిన మనిషే, బాగా ఉడికిన వంటకంలో అదే ఆకును ఇబ్బంది లేకుండా తినగలగవచ్చు. చూసేవాళ్లకు ఇది నాటకంలా కనిపిస్తుంది. “నిన్న తిన్నావుగా, ఇవాళ ఏమొచ్చింది?” అని అడుగుతారు. ఆ ప్రశ్న పడ్డ మనిషి మళ్లీ నోరు విప్పడు, మొహమాటానికి తినేస్తాడు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. అలాగని ఉడికిస్తే అందరికీ సరిపోతుందని వండేవాళ్లు తీర్మానించేయకూడదు. వేడిని తట్టుకునే ప్రొటీన్లూ ఉంటాయి. సెలెరీ విషయంలో ఉడికించాక కూడా కొందరికి రియాక్షన్ వచ్చినట్టు పరీక్షల్లో తేలింది.

మూడోది తీవ్రమైన అలర్జీ. కొత్తిమీరతో ఇది అరుదే, కానీ వస్తే ఆలోచించుకునే టైమ్ ఉండదు. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం లాంటివి కనిపిస్తే వెంటనే ఎపినెఫ్రిన్ (అడ్రినలిన్) ఇంజెక్షన్ ఇవ్వాలి, అంబులెన్స్ పిలవాలి. అలర్జీ మాత్ర వేసి చూద్దామని కూర్చోకూడదు.

పడనివాళ్లకూ ఒక మాట. కొత్తిమీరతో దురద వచ్చిందని ఆ కుటుంబంలో ఉన్నవన్నీ మీ అంతట మీరే మానేయకండి. అలర్జీ డాక్టర్‌ను కలవండి. తాజా ఆకునే గుచ్చి ఆ సూదితో చర్మం మీద చేసే పరీక్ష ఉంది. ధనియాలు కూడా ఆ మొక్కవే కాబట్టి వాటి సంగతీ విడిగా అడగండి.

ప్యాకెట్ల మీద రాసి ఉన్నదాన్ని పూర్తిగా నమ్ముకోలేం. అమెరికాలో తప్పనిసరిగా పేరు చెప్పాల్సిన అలర్జీ పదార్థాలు తొమ్మిది, వాటిలో నువ్వులు 2023లో చేరాయి. ఐరోపా సమాఖ్య జాబితాలో పద్నాలుగు, అందులో సెలెరీ ఉంది. కొత్తిమీర, ధనియాలు రెండు జాబితాల్లోనూ లేవు. అమెరికాలో చాలా మసాలాలను విడివిడిగా చెప్పకుండా ఉత్త ‘స్పైసెస్’ అని రాసినా చెల్లుతుంది. ఇది మారాలని నా అభిప్రాయం. పేరు రాయడానికి పట్టే చోటు ఎంతని?

చట్టం మారేదాకా, పదిమందికి వండేవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. కొత్తిమీర చివర్లో గిన్నె నిండా చల్లేయకుండా వేరే గిన్నెలో, దాని గరిటె దానికే పెట్టి ఉంచండి. లోపల వేసింది ఉంటే వంటకం పక్కన కార్డు మీద పేరుతో రాయండి. కొత్తిమీర తరిగిన కత్తి, పలక కడగకుండా ఇంకోదానికి వాడకండి. ఆహ్వానం పంపేటప్పుడే “మీకు పడనివి ఏమైనా ఉన్నాయా?” అని ఒక లైన్ చేరిస్తే, వాళ్లు అందరి ముందు ప్లేటు పట్టుకుని సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని ఉండదు.