ఏడో తరగతి పిల్లాడికి భూమి వయసెంతని చెప్పాలి?

అమెరికాలో పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే క్రైస్తవ తల్లిదండ్రులకు ఏటా వేసవిలో ఒక పరీక్ష వస్తుంది. సైన్స్ పరీక్ష కాదు, సైన్స్ పుస్తకం కొనే పరీక్ష. లెక్కల పుస్తకమైతే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది, ఎందుకంటే భిన్నాల కూడిక మీద ఏ సంఘమూ ఇంతవరకు రెండుగా చీలలేదు. సైన్స్ అలా కాదు. అందులోనూ ఆరు, ఏడు, ఎనిమిది తరగతులంటే పిల్లలు ఎదురు ప్రశ్నలు వేసే వయసు, ఇక్కడ పుస్తకం తప్పితే మొత్తం వంశమే తప్పుతుందని అందరికీ టెన్షన్. కాబట్టి అనుభవజ్ఞులు పాటించే ఎంపిక పద్ధతిని నలుగురికీ పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొట్టమొదటి నియమం, పుస్తకం చదవకూడదు. చదివితే టైమ్ వేస్ట్, పైగా ఈ వయసులో మనం కొత్తగా ఏదైనా నేర్చుకునే ప్రమాదం కూడా ఉంది. తిన్నగా చివరి పేజీలకు వెళ్లి, పదసూచికలో భూమి వయసు ఎక్కడుందో వెతికి, ఆ ఒక్క పేజీ తెరవాలి. ఆరువేల ఏళ్లని ఉంటే యంగ్ ఎర్త్ వాళ్లు, అంటే భూమి వయసు కొన్ని వేల ఏళ్లేనని నమ్మే క్రైస్తవులు కొంటారు, 454 కోట్ల ఏళ్లని ఉంటే ఓల్డ్ ఎర్త్ వాళ్లు, అంటే దేవుడే చేశాడు గానీ భూమి చాలా పాతదనేవాళ్లు కొంటారు. మిగతా పేజీల్లో ఏముందో ఇద్దరికీ పట్టదు. బరువుకీ ద్రవ్యరాశికీ తేడా తెలియని మనిషి రాసినా సరే, ఆ ఒక్క అంకె మనవైపు ఉంటే ఆ పుస్తకం ఇంట్లోకి వచ్చినట్టే.

ఆరువేలు అనే అంకెను తేలిగ్గా తీసుకోవద్దని మనవి. 1650లో ఐర్లండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ బైబిల్లోని వంశావళులు, రాజుల ఏలుబడులు వరసగా కూడుకుంటూ వచ్చి, సృష్టి మొదలైంది క్రీ.పూ. 4004 అక్టోబరు 23కి ముందు సాయంత్రం అని తేల్చాడు. ఆ కాలానికి అది నిఖార్సైన పాండిత్యం, కెప్లర్, న్యూటన్ అంతటివాళ్లు కూడా ఇలాంటి లెక్కలు వేసినవాళ్లే. తేడా అల్లా ఏమిటంటే, వాళ్లు తమకు దొరికిన ఆధారాలన్నీ బల్లమీద పెట్టుకుని లెక్క మొదలుపెట్టారు, మనం జవాబు బల్లమీద పెట్టుకుని పుస్తకం వెతుకుతున్నాం.

ఈ రెండూ కాక మూడో రకం పుస్తకాలున్నాయి. కేటలాగుల్లో వీటిని న్యూట్రల్ అంటారు. పాము చావదు, కర్ర విరగదు. రాళ్ల పాఠం "చాలా కాలం క్రితం" అని మొదలవుతుంది, డైనోసార్ల పాఠం "అంతకంటే చాలా కాలం క్రితం" అని మొదలవుతుంది, పిల్లాడు ఎంత కాలమమ్మా అని అడిగితే ఇంటి ఆచారం ప్రకారం చెప్పుకోవాలి. వ్యాపారపరంగా చూస్తే ఇంతకంటే తెలివైన సైన్స్ ఇంకోటి లేదు.

ఇక అట్ట. అట్ట మీద గెలాక్సీ బొమ్మ ఉంటే మంచి పుస్తకమని లెక్క, సృష్టి వైభవం కళ్లకు కట్టాలి కదా. కాకపోతే ఆ గెలాక్సీ ఆండ్రోమెడా అయితే, మనకు అతి దగ్గరి పెద్ద గెలాక్సీ అదే కాబట్టి ఎక్కువగా అదే ఉంటుంది, దాని వెలుగు ఇక్కడికి రావడానికి పాతిక లక్షల ఏళ్లు పడుతుంది. అంటే లోపలి పేజీలో చెప్పిన ఆరువేల ఏళ్లను అట్టే కాదంటోంది. అందుకని అట్ట వేసేవాళ్లు ఆకుమీద మంచుబిందువో, సింహమో వేసుకుంటే క్షేమం. 1987 సంగతి చూడండి. లూసియానాలో ఒక చట్టం ఉండేది, బడిలో పరిణామ సిద్ధాంతం చెబితే పక్కనే సృష్టివాదం కూడా చెప్పి తీరాలని. ఆ ఏడాది జూన్‌లో సుప్రీంకోర్టు 7-2తో దాన్ని కొట్టేసింది. సుమారు నాలుగు నెలల ముందు, ఫిబ్రవరిలో, పక్క గెలాక్సీలో పేలిన ఒక నక్షత్రం వెలుగు భూమికి చేరింది. దూరం సుమారు లక్షా అరవై ఎనిమిది వేల కాంతి సంవత్సరాలు. పాపం అది అంతదూరం నుంచి సాక్ష్యానికి బయల్దేరి సకాలంలోనే వచ్చింది, లాయర్లెవరూ పిలవలేదు.

కోర్టు తీర్పు వల్ల ఒక మేలు జరిగింది. అది సర్కారు బడులకే వర్తిస్తుంది, ఇంటి వంటగదికి వర్తించదు, కాబట్టి క్రైస్తవ సైన్స్ పుస్తకాల మార్కెట్‌కు ఏ ఢోకా లేదు. ఆ మాటకొస్తే సర్కారు వాళ్ల పుస్తకాల ఎంపిక మాత్రం ఏం గొప్పగా ఏడ్చింది? 1925లో టెనెస్సీ రాష్ట్రం డేటన్ ఊళ్లో జాన్ స్కోప్స్ అనే టీచరుకు పరిణామం చెప్పినందుకు వంద డాలర్ల జరిమానా వేశారు. ఆయన చెప్పింది ఏ దొంగచాటు పుస్తకంలోంచో కాదు, ఆ రాష్ట్రమే బడుల్లో వాడమని ఖరారు చేసిన పుస్తకంలోంచి. పుస్తకాన్ని ఆమోదించిందీ వాళ్లే, అందులో ఉన్నది చెప్పడం నేరమన్నదీ వాళ్లే. దాన్ని ఆమోదించినవాళ్లు పైన చెప్పిన మొదటి నియమాన్ని తుచ తప్పకుండా పాటించారని మనం గర్వంగా చెప్పుకోవచ్చు.

తర్వాత చూడాల్సింది మార్జిన్లో వేసే విశ్వాసులైన శాస్త్రవేత్తల బాక్సులు. ఇవి ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది, అయితే ఆ బాక్సులో మనిషి బొమ్మ, ఆయన ప్రార్థనా జీవితం ఉంటే చాలు, ఆయన కనిపెట్టింది ఏమిటో మరీ లోతుగా పోకూడదు. రాళ్ల పొరల్ని చదివిన స్టెనో తర్వాత బిషప్ అయ్యాడు, బాగానే ఉంది, కానీ రాళ్ల పొరల్లో కిందిది పాతది, పైది కొత్తది అని 1669లోనే రాసిపెట్టి మనకు ఈ తలనొప్పి మొదలెట్టింది ఆయనే. భౌతిక శాస్త్రవేత్త లెమైట్ర్ క్యాథలిక్ ఫాదర్, ఇంకా బాగుంది, కానీ విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో లెక్కగట్టి, బిగ్‌బ్యాంగ్ ఆలోచనకు తండ్రి అయ్యింది కూడా ఆ ఫాదరే. పైగా 1951లో పోప్ గారు ముచ్చటపడి ఇది సృష్టికి రుజువులాగే ఉందన్నప్పుడు సంతోషించకుండా, రెంటినీ అలా ముడిపెట్టొద్దని ఇబ్బందిపడ్డాడు! జన్యువుల పటం గీయించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ గట్టి ఇవాంజెలికల్ విశ్వాసి, పరిణామం నిజమేనంటాడు. ఆయన బాక్సు ఎక్కడా కనిపించకపోతే ఆశ్చర్యపోకండి, స్థలాభావం. మెండెల్ ఒక్కడే ఏ గొడవా లేనివాడు. మఠంలో సన్యాసి, బఠాణీ మొక్కలు, వాటిలో లక్షణాలు మూడుకి ఒకటి లెక్కన రావడం. అందుకే ప్రతి పుస్తకంలోనూ బఠాణీలే.

పాఠం లోపల తప్పులుంటే ఏం చేయాలని కొందరు అడుగుతుంటారు. ఉదాహరణకు రుతువుల పాఠం. పైన ఆదికాండము 8:22, వేసవి శీతకాలాలు ఉండక మానవనే వచనం, అందమైన అక్షరాల్లో. దాని కింద బొమ్మలో భూమి సూర్యుడికి దగ్గరగా ఉన్నప్పుడు వేసవి, దూరంగా ఉన్నప్పుడు చలికాలం అని బాణం గుర్తులు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో, అంటే అమెరికాలో మంచు ఎత్తిపోసుకునే రోజుల్లో. దూరం పద్నాలుగు కోట్ల డెబ్భై లక్షల కిలోమీటర్లు. జూలైలో పదిహేను కోట్ల ఇరవై లక్షలు. రుతువులకు కారణం దూరం కాదు, భూమి అక్షం 23.5 డిగ్రీలు ఒరిగి ఉండటం. అయినా ఎవరూ ఆ పేజీ చింపి పోస్టులో వెనక్కి పంపరు. వచనం తప్పు లేదు కదా! అదే పుస్తకంలో ఎక్కడో "లక్షల ఏళ్లుగా" అనే మాట పొరపాటున దొర్లితే చూడండి, పాస్టర్ గారి దాకా వెళ్తుంది.

నిజంగా బైబిల్‌తో సైన్స్ చెప్పాలంటే దారులు లేకపోలేదు. మొదటి రాజులు 7:23లో సొలొమోను చేయించిన పోత సముద్రం, అంటే గుండ్రటి పెద్ద లోహపు తొట్టి ఉంది, ఇటు అంచు నుంచి అటు అంచుకు పది మూరలు, చుట్టుకొలత ముప్పై. పిల్లాడు టేపు పట్టుకుని ఇంట్లో పళ్లెం కొలిస్తే ముప్పై ఒకటిన్నర దగ్గర రావాలి కదమ్మా అంటాడు. వెక్కిరించేవాళ్లు వెక్కిరిస్తారు, కంగారుపడేవాళ్లు కంగారుపడతారు, కానీ కొలతను ఎంతవరకు సవరించి చెప్పొచ్చో, అంచు మందం లోపల కొలిచారా బయట కొలిచారా అని ఎందుకు అడగాలో నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. ఇది ఏ పుస్తకంలోనైనా ఉందేమో చూశారా? వద్దులెండి, మళ్లీ చదవాల్సి వస్తుంది.

ఇంకో ఊరట ఏమిటంటే మిడిల్ స్కూల్ మార్కులు ఏ కాలేజీ వాళ్లూ చూడరు. హైస్కూల్‌కు వెళితే కథ వేరు. కాలిఫోర్నియా యూనివర్సిటీ కొన్ని క్రైస్తవ ప్రచురణల బయాలజీ పుస్తకాలతో చెప్పిన కోర్సులను అడ్మిషన్‌కు లెక్కలోకి తీసుకోబోమంటే, క్రైస్తవ స్కూళ్ల సంఘం కోర్టుకెళ్లి 2008లో ఓడింది, 2010లో అప్పీలులోనూ ఓడింది. కనుక ఏ ధైర్యం చేసినా ఎనిమిదో తరగతి లోపే చేసేయాలి.

చివరగా పిల్లాడి సంగతి. పుస్తకం ఎంపికలో వాడి పాత్ర ఏమీ లేదు గానీ, నవంబరు వచ్చేసరికి వాడు అట్ట మీది గెలాక్సీ చూపించి ఈ వెలుగు ఎప్పుడు బయల్దేరిందమ్మా అని అడిగే తీరతాడు. అప్పుడు తడబడకుండా టీచర్స్ ఎడిషన్ తెరవండి. ప్రశ్న నంబరు పక్కన "విద్యార్థుల సమాధానాలు వేర్వేరుగా ఉండవచ్చు" అని ఉంటుంది. ఈ ఎడిషన్ సెట్‌లో రాదు, విడిగా కొనుక్కోవాలి.