లీకు పాటకు చెవొగ్గవద్దు

2023 సెప్టెంబరులో 'గేమ్ ఛేంజర్' సినిమాలోని 'జరగండి' పాట చెప్పాపెట్టకుండా ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. తుది నాణ్యతతో ఉన్నదేమీ కాదు. అయినా ఒక్క పూటలో ఫోన్లన్నీ చుట్టేసింది. శంకర్ దర్శకత్వం, తమన్ సంగీతం, రామ్‌చరణ్ హీరో, ఏళ్ల తరబడి ఊరించిన సినిమా. అభిమానులు ఆగలేకపోయారు. విన్నవాళ్లు విని ఊరుకోనూ లేదు. పాత ట్యూనన్నారు, ఇదేం పాటన్నారు, మీమ్స్ చేశారు. సంగీత దర్శకుణ్ని ఆడుకున్నారు. నిర్మాణ సంస్థ శ్రీ వేంకటేశ్వర క్రియేషన్స్ కేసు పెట్టి, ఆ నాసిరకం ఆడియోను ఎవరూ పంచుకోవద్దని కోరింది. నవంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఇద్దరిని అరెస్టు చేశారు. దీపావళికి పాట వస్తుందని ప్రకటించారు, వాయిదా వేశారు, చివరకు 2024 మార్చి 27న రామ్‌చరణ్ పుట్టినరోజు నాడు విడుదల చేశారు. లీకుకూ విడుదలకూ మధ్య ఆరు నెలలు. దలేర్ మెహందీ, సునిధి చౌహాన్ గొంతులతో అసలు పాట వచ్చేసరికి, దాని మీద తీర్పు చెప్పేసి పక్కకు వెళ్లిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు.

విడుదల కాని పాటో ఆల్బమో చేతికి చిక్కితే అభిమాని వినవచ్చా? మా మాట ముందే చెప్పేస్తాం. వినకూడదు. అయితే పరిశ్రమ పెద్దలు ఎప్పుడూ చెప్పే కారణంతో మాత్రం మేం ఈ మాట అనడం లేదు.

లీకు వల్ల కోట్లు పోయాయన్నది ఆడియో కంపెనీల నోట తరచూ వినిపించే మాట. లెక్కల ముందు అది అంత గట్టిగా నిలబడదు. అమెరికాలోని నార్త్ కరోలైనా స్టేట్ యూనివర్సిటీ ఆర్థికవేత్త రాబర్ట్ హామండ్ 2012లో ఇదే విషయంపై అధ్యయనం చేశారు. ఒక నెల ముందుగా లీకైన ఆల్బమ్ సుమారు 60 కాపీలు అదనంగా అమ్ముడుపోతుందని ఆయన తేల్చారు. అరవై కాపీలంటే లాభమని చంకలు గుద్దుకునేంత కాదు, నష్టమని గుండెలు బాదుకునేంత అంతకన్నా కాదు. బ్రిటన్ బ్యాండ్ రేడియోహెడ్ ఆల్బమ్ 'కిడ్ ఎ' 2000లో విడుదలకు ముందే, పాటల ఫైళ్లను జనం ఒకరికొకరు పంచుకునే నాప్‌స్టర్‌లో తిరిగింది. మార్కెట్లోకి రాగానే అమెరికాలో నంబర్ వన్ అయింది. రాపర్ లిల్ వేన్ పాటలు ముందే బయటికొచ్చినా 2008లో ఆయన ఆల్బమ్ మొదటి వారంలోనే 10 లక్షల కాపీలు దాటింది. మన దగ్గర 'సర్కారు వారి పాట'లోని 'కళావతి' 2022 ఫిబ్రవరిలో లీకైతే, ప్రేమికుల దినోత్సవానికి రావాల్సిన పాటను ఒక రోజు ముందుకు జరిపి 13నే వదిలారు. యూట్యూబ్‌లో అది 10 కోట్ల వ్యూస్ దాటేసింది. కాబట్టి 'నేను వింటే ఎవరి పొట్టా కొట్టినట్టు కాదు' అని అభిమాని అంటే, పెద్ద హీరోల పాటల వరకు ఆ మాటను కొట్టిపారేయలేం.

చిన్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి అదే మాట చెల్లదు. హామండ్ అధ్యయనంలోనే ఆ చిన్న లాభం కూడా పేరున్నవాళ్లకే దక్కిందని ఉంది. తెలంగాణ జానపద పాటను సొంత డబ్బుతో తీసి యూట్యూబ్‌లో పెట్టుకునే బృందాన్ని తీసుకోండి. వాళ్లకు హీరో లేడు, సినిమా లేదు, థియేటర్ కలెక్షన్ లేదు. ఉన్నదల్లా ఛానెల్‌లో పాట పడ్డ మొదటి రెండు రోజులు. ఆ పాటను వేరెవరో ముందే ఎక్కించేస్తే వ్యూస్ ఆ ఎక్కించినవాళ్ల ఖాతాలోకి పోతాయి. అలాంటి బృందం పెట్టిన ఖర్చు ఆ సాయంత్రంతో సరి.

అయినా ఈ డబ్బు చర్చను పక్కన పెట్టే మేం ఆలోచిస్తున్నాం. పాట పూర్తయిందని చెప్పాల్సింది ఎవరు? మా అభ్యంతరమంతా ఈ ప్రశ్న దగ్గరే ఉంది.

సినిమా పాట తయారీ తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. సంగీత దర్శకుడు ముందు డమ్మీ లిరిక్స్‌తో, అంటే ఏవో ఉత్తుత్తి మాటలతో, ట్యూన్ వినిపిస్తాడు. ఓకే అయ్యాక గీత రచయిత పల్లవులు రాసిస్తాడు. పది రాస్తే ఒకటి నిలవడం మామూలే. అసలు గాయకుడు వచ్చేలోపు తాత్కాలికంగా ట్రాక్ సింగర్ పాడతాడు. అసలు గాయకుడు తీరిక దొరికినప్పుడు ఏ చెన్నైలోనో ముంబైలోనో పాడి పంపుతాడు. కంప్యూటర్ ప్రోగ్రామింగ్‌లో ఉన్న వయొలిన్ల స్థానంలో నిజం వయొలిన్లు వచ్చి చేరతాయి. దర్శకుడికి చరణం నచ్చదు, తిరగరాస్తారు. గొంతులనూ వాద్యాలనూ కలిపే మిక్సింగ్, తుది మెరుగులు దిద్దే మాస్టరింగ్ ఇంకా ఉన్నాయి. వీటిలో ఏ దశ ఫైలు బయటపడినా, వినేవాడికి అది ఏ దశలోదో తెలియదు. అదే పాట అనుకుంటాడు. రిహార్సల్ చూసి నాటకం బాగాలేదని ఊరంతా చెప్పుకుంటే ఆ నటుడికి ఎలా ఉంటుంది? పైగా ఆ ఫైల్లో గొంతు ట్రాక్ సింగర్‌ది కావచ్చు. అవకాశం కోసం ఎదురుచూస్తూ తక్కువ డబ్బుకు పాడిన ఆ అబ్బాయో అమ్మాయో, తమ పేరు కూడా లేని పాటకు తిట్లు తినాల్సి వస్తుంది. లీకుల గురించి మాట్లాడేటప్పుడు వీళ్లు ఎవరికీ గుర్తురారు.

డబ్బుకు లోటు లేనివాళ్లను కూడా లీకు బాధపెట్టేది ఇందుకే. రేడియోహెడ్ తర్వాతి ఆల్బమ్‌లలో ఒకటి 2003లో వారాల ముందే బయటికొచ్చింది. అవి పూర్తికాని మిక్స్‌లు. అలాంటి సరుకు జనం చెవిన పడిందన్నదే ఆ బ్యాండ్ సభ్యుల బాధ. 2014 డిసెంబరులో అమెరికా పాప్ గాయని మడోనా కొత్త ఆల్బమ్ డెమోలు, అంటే పాటల తొలి నమూనాలు, లీకయ్యాయి. ఆమె చేసేదేమీ లేక ఆరు పాటల్ని హడావుడిగా పూర్తిచేసి వదిలారు. డెమోలు దొంగిలించినందుకు ఇజ్రాయెల్‌లో ఒకరికి 14 నెలల జైలు శిక్ష పడింది. కోట్లున్న మడోనాకు కూడా తన పాట ఎప్పుడు ఎలా వినిపించాలో నిర్ణయించుకునే వీలు ఆ వారం లేకపోయింది.

'లీక్ చేసింది నేను కాదుగా' అన్నది అభిమాని రెండో వాదన. నిజమే. కానీ లీకు చేసేవాడు ఎవరి కోసం చేస్తున్నాడు? అమెరికాలో నార్త్ కరోలైనా రాష్ట్రం కింగ్స్ మౌంటెన్ అనే ఊళ్లో సీడీల ఫ్యాక్టరీ ఉండేది. పెద్ద పెద్ద ఆల్బమ్‌లు అక్కడే అచ్చయ్యేవి. 1990ల చివరి నుంచి 2007 దాకా అక్కడి కార్మికుడొకరు విడుదల కాని సీడీలను బెల్టు బకిల్ వెనక దాచి గేటు దాటించేవారు. అలా దాదాపు 2,000 ఆల్బమ్‌లు ముందే బయటపడ్డాయి. వాటిని అందుకుని ఇంటర్నెట్‌లో పెట్టిన బృందానికి డబ్బుకన్నా ముఖ్యం, అందరికన్నా ముందు మేమే పెట్టామన్న పేరు. ఇవాళ మన టెలిగ్రామ్ గ్రూపుల్లో ఫైలు పెట్టే కుర్రాడికి కావల్సిందీ అదే. వినే చెవులు లేకపోతే ఆ పేరుకు విలువ ఉండదు. ఇంకా ముందుకెళ్లిన దేశాల్లో ర్యాప్ అభిమానులు చందాలు వేసుకుని మరీ విడుదల కాని పాటలు కొంటున్నారు. అక్కడ దొంగ సొమ్ముకు కొనుగోలుదారు అభిమానే.

ఆగగలిగిన అభిమానులు లేరా అంటే ఉన్నారు. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్ 'ది టార్చర్డ్ పోయెట్స్ డిపార్ట్‌మెంట్' 2024 ఏప్రిల్ 19న రావాల్సి ఉండగా, రెండు రోజుల ముందే గూగుల్ డ్రైవ్ లింకులు తిరగడం మొదలైంది. 'మేం వినం, మీరూ వినొద్దు' అని ఆమె అభిమానులే పెద్ద ఎత్తున పోస్టులు పెట్టారు. విన్నవాళ్లూ ఉన్నారనుకోండి, కానీ వినడం గొప్పగా చెప్పుకునే విషయం కాకుండా పోయింది. మన ఫ్యాన్స్ గ్రూపుల్లో పరిస్థితి చిత్రంగా ఉంటుంది. 'లీకైంది, ఎవరూ షేర్ చేయకండి' అని పైన ఒక పోస్టు. దాని కింద 'లింక్ డీఎం చేయండి బ్రో' అని వందల కామెంట్లు!

ఇంతవరకు అభిమానినే అడిగాం. పరిశ్రమనూ అడగాల్సింది చాలా ఉంది.

విదేశాల్లో ఆల్బమ్ విడుదలకు ముందు మరీ ఎక్కువ చేతులు మారదు. మన సినిమా పాట అలా కాదు. విడుదలకు నెలల ముందే కొరియోగ్రాఫర్ ఫోన్‌లోకి, అక్కణ్నుంచి అసిస్టెంట్లకు, రిహార్సల్ హాల్లో డాన్సర్లకు వెళ్తుంది. సెట్‌లో పెద్ద స్పీకర్ల మీద రోజుకు వందసార్లు మోగుతుంది. అవుట్‌డోర్ షూటింగ్ అయితే గట్టు మీద నిలబడ్డ ఊరివాళ్లంతా వింటారు. ఎడిటింగ్ రూమ్, లిరికల్ వీడియో చేసేవాళ్లు, ప్రోమో కట్ చేసేవాళ్లు, పబ్లిసిటీ ఏజెన్సీ, ఆడియో కంపెనీ, పాన్ ఇండియా పుణ్యమా అని మరో నాలుగు భాషల రచయితలు, గాయకులు. ఇన్ని చేతులు మారిన ఫైలు బయటికి రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. విదేశీ మ్యూజిక్ కంపెనీలు విమర్శకులకు పంపే కాపీల్లో ఏది ఎవరిదో తెలిసేలా వాటర్‌మార్క్ అనే రహస్య గుర్తు వేసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. ప్రతి ఫైలుకూ ఒక గుర్తు ఉంటే ఎవరి దగ్గర జారిందో గంటలో తేలిపోతుంది. వందల కోట్ల బడ్జెట్లు పెట్టేవాళ్లకు ఇది పెద్ద ఖర్చా?

ఊరింపు సంగతి కూడా చెప్పుకోవాలి. పాట వస్తుందని ఒక పోస్టర్, ఆ పోస్టర్ ఎప్పుడొస్తుందో చెప్పడానికి ఇంకో పోస్టర్, తర్వాత ఇరవై సెకన్ల ప్రోమో, ఆ తర్వాత వాయిదా. అభిమానిని నెలల తరబడి ఆకలితో కూర్చోబెట్టి, ఎవరో తలుపు తీస్తే ఎందుకు తొంగిచూశావని అడుగుతున్నారు. ఈ ప్రచార యావ వల్ల జరిగిన మరో నష్టం, ప్రతి లీకు వెనకా 'కావాలనే వదిలారు' అన్న అనుమానం. అది ఏ సినిమా విషయంలోనైనా నిజమని మేం అనడం లేదు. కానీ జనం అలా నమ్ముతున్నంత కాలం, వినొద్దన్న విజ్ఞప్తి వాళ్లకు ప్రచారంలో ఇంకో మెట్టులాగే కనిపిస్తుంది.

లీకు జరిగాక ఏం చేయాలో కొందరు చేసి చూపించారు. ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ ఆల్బమ్ 2015లో రెండు నెలల ముందే బయటపడితే, మార్చి దాకా ఆగకుండా జనవరిలోనే అమ్మకానికి పెట్టేశారు. 2013లో 'అత్తారింటికి దారేది' సగం సినిమా లీకైనప్పుడు, అక్టోబరు విడుదలను సెప్టెంబరు 27కు జరిపారు; జనం థియేటర్లకు ఎలా వచ్చారో తెలిసిందే. 'కళావతి'ని ముందుకు జరపడం కూడా అలాంటి నిర్ణయమే. దొంగ కాపీ ఒక్కటే అందుబాటులో ఉన్నంతసేపు నీతిబోధ పనిచేయదు. అసలుది పక్కనే పెడితే దొంగ కాపీని అడిగేవాడు తగ్గిపోతాడు.

చట్టం సంగతికొస్తే, కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 63 ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. లోపలి నుంచి ఫైలు దాటించినవాడి మీద దీన్ని వాడితే ఎవరూ తప్పుబట్టరు. గ్రూపులో వచ్చింది ఇంకో గ్రూపులోకి పంపిన ఇంజనీరింగ్ విద్యార్థిని స్టేషన్ మెట్లెక్కించడం మాత్రం మాకు సమ్మతం కాదు. 2008లో అమెరికా రాక్ బ్యాండ్ గన్స్ ఎన్ రోజెస్ ఆల్బమ్‌లోని తొమ్మిది పాటల్ని విడుదలకు ముందే ఇంటర్నెట్‌లో పెట్టిన వ్యక్తికి అక్కడి కోర్టు ఏడాది ప్రొబేషన్ (జైలుకు బదులు పర్యవేక్షణ), రెండు నెలల గృహ నిర్బంధంతో సరిపెట్టింది. ఆ మాత్రం తూకం ఇక్కడా ఉండాలి.

ఆటోలోనో టీ కొట్టు దగ్గరో లీకు పాట చెవిన పడితే అపరాధ భావం అక్కర్లేదు. మధ్యలో ఆగిపోయి, ఇరవై ఏళ్లుగా డబ్బాల్లో మగ్గుతున్న సినిమాల పాటల్ని కూడా మేం ఈ గాటన కట్టడం లేదు. వాటికి విడుదల తేదీ ఎప్పటికీ రాదు కనుక, చేసినవాళ్లకు అభ్యంతరం లేకపోతే వినేవాళ్లను తప్పుపట్టలేం. త్వరలో రాబోయే పాట లింకు వస్తే మాత్రం తెరవొద్దు, ఫార్వర్డ్ చేయొద్దు, విన్నా దాని మీద తీర్పు రాయొద్దు. ఈ చివరి మాట మీడియాకూ వర్తిస్తుంది. 'లీకైన పాట ఎలా ఉందంటే' అని శీర్షిక పెట్టి క్లిక్కులు దండుకునే వెబ్‌సైట్లు ఆ దొంగ ఫైలుకు ఉచితంగా ప్రచారం చేస్తున్నాయి. విడుదల కాని పాటకు సమీక్ష రాయకూడదన్న నియమం పత్రికలన్నీ పెట్టుకోవాలి.

తెలుగు ఫిల్మ్ చాంబర్‌కు యాంటీ వీడియో పైరసీ సెల్ ఉంది. లింకులు తీయించే పని అది చేస్తూనే ఉంది. దానికి తోడు, లీకైన పాటల్లో ఎన్ని షూటింగ్ స్పాట్ నుంచి పోయాయి, ఎన్ని ఎడిటింగ్ రూమ్ నుంచి పోయాయి, ఎవరి మీద చర్య తీసుకున్నారు అన్నది ఏడాదికోసారి చాంబర్ బయటపెట్టాలి. వినొద్దని అభిమానిని అడుగుతున్న పరిశ్రమ తన ఇంట్లో ఏం సర్దుకుందో ఆ లెక్కలోనే తెలుస్తుంది.