మిషన్ ట్రిప్‌కి పంపింది మమ్మల్నా, మా ఫోన్లనా?

జనవరిలో మా సంఘం నుంచి రెండో బ్యాచ్ కెన్యా వెళ్తోంది. నిన్న ఆరాధన అయ్యాక పెద్దలు ఒక కొత్త రూలు చెప్పారు. ఈసారి ఫోన్లన్నీ టీమ్ లీడర్ దగ్గర పెట్టేయాలట, పన్నెండు రోజులూ. ఆ మాట అనగానే అందరూ నా వైపే చూశారు. అక్కడ నోరు మూసుకుని కూర్చున్నాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా తప్పు నేనే చెప్పేస్తా. పోయినసారి మేం ఏడుగురం కిసుము దగ్గర ఒక పల్లెలో ఉన్నాం. విక్టోరియా సరస్సు పక్కనే. నా పని అక్కడి ఆడవాళ్ళకి కుట్టు నేర్పడం. మూడో రోజు సాయంత్రం ఒళ్ళు కాస్త వెచ్చబడితే ఫ్యామిలీ గ్రూపులో "కొంచెం జ్వరంగా ఉంది, ప్రార్థన చేయండి" అని పెట్టాను. ఆ రాత్రి వానకి కరెంటు పోయింది, దాంతోపాటే సిగ్నలూ పోయింది. పొద్దున్నకి జ్వరం తగ్గింది. తర్వాత రక్తపరీక్ష కూడా చేయించుకున్నాను, ఏమీ లేదన్నారు.

ఇక్కడ గుంటూరులో మాత్రం మా అత్తయ్య ఆ మెసేజ్‌ని సంఘం గ్రూపులో వేశారు. స్త్రీల సమాజం గ్రూపుకి వెళ్ళేసరికి అది మలేరియా అయింది. తెనాలిలో మా పిన్నికి చేరేసరికి నేను ఐసీయూలో ఉన్నాను. రెండో రోజు ఉపవాస ప్రార్థన పెట్టారు. మా ఆయన అరవై మెసేజ్‌లు పెట్టాడు, అన్నిటికీ ఒక్క టిక్కే. సిగ్నల్ వచ్చాక అవన్నీ ఒక్కసారిగా మోగుతుంటే, మేం దిగిన ఇంటి మామా పరుగున వచ్చి, మీ ఇంట్లో ఎవరైనా పోయారా అని నా చెయ్యి పట్టుకుంది. (అక్కడ పెద్దావిడల్ని మామా అంటారు. మొదటి రోజు మా అందరికీ నవ్వు ఆగలేదు.)

సరే, ఇందులో ఫోన్ చేసిన తప్పేంటి? ఇంట్లోవాళ్ళకి ముందే "రెండు మూడు రోజులు కబురు లేకపోతే సిగ్నల్ లేదనుకోండి, కంగారుపడకండి" అని చెప్పి వెళ్ళకపోవడం మా తప్పు. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, ఏ టైముకి చేయాలో అనుకోలేదు. మా మామయ్యగారైతే ఇంట్లో ప్రార్థన కాగానే ఉదయం అయిదున్నరకి ఫోన్ చేసేవారు. కెన్యా మనకంటే రెండున్నర గంటలు వెనక. అంటే నాకు తెల్లవారుజామున మూడు! "ఏమ్మా, టిఫిన్ చేశావా?" అని అడిగేవారు పాపం.

నాకు కోపం వచ్చేది ఇంకో దానికి. ఇప్పుడు ఫోన్లు లోపల పెట్టమంటున్నవాళ్ళే పోయినసారి "లైవ్ పెట్టండి, కానుకలిచ్చినవాళ్ళు చూడాలి కదా" అన్నారు. ఆదివారం ఇక్కడ పది గంటల ఆరాధనలో స్క్రీన్ మీద మేం కనబడాలి. అక్కడ అప్పటికి ఏడున్నరే. ఆ పల్లెలో పిల్లలు ఆ టైముకి గుడికి రారు, నీళ్ళు మోసుకొచ్చే పనిలో ఉంటారు. అయినా పిలిపించాం. పసుపు గౌను వేసుకున్న ఒక పాప చేత "హలో గుంటూరు" అని చెయ్యి ఊపించాం. వీడియో ఆగిపోయింది. మళ్ళీ ఊపించాం. ఈసారి గొంతు వచ్చింది గానీ బొమ్మ రాలేదు. మూడోసారి ఊపేటప్పుడు ఆ పిల్ల మొహంలో నవ్వు లేదు, పక్కన పెట్టిన క్యాన్ వైపు చూస్తోంది. ఇక్కడ చప్పట్లు కొట్టారట. మన సండే స్కూల్ పిల్లల్ని బయటివాళ్ళెవరో వచ్చి అడక్కుండా ఇలా వీడియో తీస్తే ఊరుకుంటామా?

"ఫాదర్ హయ్యర్‌కి ఫోనుందా?" అన్నారు నిన్న ఒక అంకుల్. లేదండీ. అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ ఆయన. 1842 జులై 31న ఆయన మన గుంటూరు వచ్చేనాటికి సూయజ్ కాలువ కూడా లేదు, అది 1869లో కదా తెరిచింది. అమెరికాకి ఉత్తరం వెళ్ళాలంటే నెలలు పట్టేది. అందేసరికి రాసినవాడి జ్వరమైనా తగ్గి ఉండేది, మనిషైనా ఉండేవాడు కాదు. వాళ్ళకి వేరే దారి లేక అలా బతికారు. ఇంటి దగ్గర నాలుగేళ్ళ పిల్లాణ్ణి వదిలి వచ్చిన తల్లి రాత్రి పది నిమిషాలు వాడితో మాట్లాడితే భక్తి తగ్గిపోతుందా?

వెళ్ళేవాళ్ళకి రెండు ముక్కలు, మేం దెబ్బతిని నేర్చుకున్నవి. రోమింగ్ డేటా ఇక్కడే ఆఫ్ చేసుకోండి. మా టీమ్‌లో ఒక బ్రదర్ నైరోబీలో దిగగానే ఆయన ఫోన్ తనంతట తనే ఫొటోలన్నీ బ్యాకప్ చేసుకుంది, ఆ నెల బిల్లు చూసి ఆయనకి కళ్ళు తిరిగాయి. డేటా కోసం పాస్‌పోర్ట్ చూపించి అక్కడి సిమ్ తీసుకోండి. మన సిమ్ మాత్రం తీసేయకండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. ఆ మెసేజ్‌లు రావాలంటే బయల్దేరకముందే రోమింగ్ యాక్టివేట్ చేయించుకోవాలి. వాట్సాప్ నంబర్ మారుస్తావా అని అడిగితే వద్దనండి. మారిస్తే తిరిగొచ్చి ఆ సిమ్ పారేశాక తంటా. ఛార్జర్‌కి అడాప్టర్ మర్చిపోవద్దు, మన గుండ్రటి పిన్నులు అక్కడ పట్టవు.

ఇంకో సంగతి చెప్పాలి. ఫోన్ వాడటం వాళ్ళకి మనమేదో నేర్పాలనుకుని వెళ్తాం కదా. మామా దగ్గరున్నది పాత కీప్యాడ్ ఫోను, ఒక మూల రబ్బరు బ్యాండ్ వేసి ఉంది. ఆదివారం కానుక సంచీ వచ్చినప్పుడు చేతిలో చిల్లర లేదని దాంట్లోంచే నాలుగు బటన్లు నొక్కి సంఘానికి డబ్బు పంపేసింది. ఎం-పెసా అది, 2007 నుంచీ ఉంది. మన యూపీఐ వచ్చింది 2016లో. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే "మీ దేశంలో లేదా?" అంది.

కాబట్టి పెద్దలకి నా మనవి. ఫోన్లు మా దగ్గరే ఉండనివ్వండి. పగలు పనిలో ఉన్నంతసేపూ బ్యాగులోనే ఉంటాయి, ఒప్పుకుంటాం. రాత్రి పది నిమిషాలు ఇంటికి. టీమ్ క్షేమసమాచారం రోజుకి ఒకరే, ఒకే మెసేజ్‌లో సంఘం గ్రూపుకి. లైవ్ మాత్రం వద్దు. తిరిగొచ్చాక సాక్ష్యం చెప్తాం, ఎంతసేపైనా వినండి.

ఈ పోస్టు ఇవాళ సాయంత్రానికే స్త్రీల సమాజం గ్రూపులో ఉంటుందని నాకు తెలుసు. ఫార్వర్డ్ చేసేవాళ్ళు దయచేసి జ్వరం దగ్గర ఆపేయకండి, అది తగ్గిందన్న ముక్క కూడా పంపండి. తెనాలి నుంచి మా పిన్ని మళ్ళీ బస్సెక్కేస్తుంది.