చచ్చినవాడి కళ్లు చారెడు

ఏటా ఆగస్టు 24, డ్యూక్ కహనమోకు పుట్టినరోజు వస్తుంది. హవాయి దీవుల్లో పుట్టిన ఒలింపిక్స్ ఈతగాడు, చెక్క మీద నిలబడి అలలపై జారే సర్ఫింగ్ ఆటకు పేరు తెచ్చిన మనిషి. హోనలూలూలో వైకీకీ తీరాన నిలబెట్టిన ఆయన కంచు విగ్రహానికి దండల మీద దండలు పడతాయి. చాచిన రెండు చేతులకూ దండలే. నాలుగు మంచి మాటలు చెబుతారు, ఫొటోలు దిగుతారు, వెళ్లిపోతారు. అమెరికాలో ఉంటున్న మన పిల్లలు సెలవులకు హవాయి వెళ్లి పంపే ఫొటోల్లోనూ ఈ విగ్రహం ఉంటుంది. ఈసారి ఆ ఫొటోను కాస్త పరకాయించి చూడండి. సముద్రం వెనకాల ఉంది. మనిషి మొహం రోడ్డు వైపు, హోటళ్ల వైపు ఉంది. అలతో ఆడుకునేవాళ్లు పిల్లలకు నేర్పే మొట్టమొదటి పాఠం, సముద్రానికి వీపు చూపించొద్దని. ఆ విద్యను లోకానికి నేర్పిన మనిషినే సముద్రానికి వీపు పెట్టించి నిలబెట్టారు.

అలా ఎందుకు నిలబెట్టారో తెలుసుకోవడానికి విచారణ సంఘం అక్కర్లేదు. ఆయన్ను సముద్రం వైపు తిప్పితే ఫొటోలో వీపు పడుతుంది. రోడ్డు వైపు తిప్పితే మొహం, వెనక నీలిరంగు నీళ్లు, పక్కన మనం. 1990లో, ఆయన పుట్టి నూరేళ్లయిన సందర్భంగా పెట్టిన తొమ్మిది అడుగుల విగ్రహం అది. అతిథులను చేతులు చాచి పిలుస్తున్నట్టు ఉందని మెచ్చుకునేవాళ్లు లేకపోలేదు. చివరి రోజుల్లో నగరం తరఫున ప్రముఖులకు స్వాగతం పలకడమే ఆయన పని కాబట్టి ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ ఒక మనిషి జీవితంలో సముద్రం ఎంత, స్వాగతాల ఉద్యోగం ఎంత? ఏది పెద్దదో ఆ విగ్రహం ముందు నిలబడ్డ స్కూలు పిల్లాడైనా చెప్పగలడు.

మా కోపం కంచు బొమ్మ మీద కాదు. బతికున్నప్పుడు ఆ మనిషికి ఏమిచ్చారు, పోయాక ఆయన దగ్గర ఏం తీసుకుంటున్నారు అన్న లెక్క మీద.

ఆయన ఈత గురించి పాఠకులకు కొత్తగా చెప్పేదేమీ లేదు. 1912 స్టాక్‌హోమ్‌లో వంద మీటర్ల ఫ్రీస్టైల్‌లో స్వర్ణం, రిలేలో రజతం. యుద్ధం వల్ల ఒక ఒలింపిక్స్ పోయింది. 1920 ఆంట్వెర్ప్‌లో ముప్పయ్యో ఏట మళ్లీ అదే పోటీలో స్వర్ణం, రిలేలో మరొకటి. 1924 పారిస్‌లో జానీ వైస్‌ముల్లర్ వెనక రజతం. మొత్తం ఐదు పతకాలు. వీటికన్నా ముందు జరిగింది చెప్పుకోవాలి. 1911 ఆగస్టులో హోనలూలూ రేవులో ఈ కుర్రాడు వంద గజాలను 55.4 సెకన్లలో ఈదాడు. అప్పటి రికార్డు కన్నా 4.6 సెకన్లు తక్కువ. డబ్బు తీసుకోకుండా ఆడే అమెచ్యూర్ క్రీడలను నడిపే అమెరికా పెద్దలు నమ్మలేదు, రికార్డును గుర్తించలేదు. ఎక్కడో దీవుల్లో, ఓ కుర్రాడు ఓడరేవు నీళ్లలో అంత వేగం ఈదడమేమిటని వాళ్ల సందేహం. మరుసటి ఏడాది అదే కుర్రాడు వాళ్ల జెండా కిందే స్వర్ణం తెచ్చాడు. అప్పుడు మాత్రం మావాడే అన్నారు.

మావాడే అన్నవాళ్లు కూడు పెట్టారా? లేదు. ఈత నేర్పి డబ్బు తీసుకుంటే అమెచ్యూర్ హోదా పోతుంది, ఒలింపిక్స్ తలుపు మూసుకుంటుంది. పతకాలు మెడలో, జేబులో చిల్లిగవ్వ లేదు. హాలీవుడ్‌కు వెళితే చిన్నా చితకా వేషాలు ఇచ్చారు. తిరిగొచ్చి సొంత ఊళ్లో పెట్రోలు బంకు నడిపారు. ప్రపంచంలోనే వేగంగా ఈదిన మనిషి కార్లలో పెట్రోలు కొడుతుంటే ఆ బంకు ముందు నుంచి వెళ్లిన పెద్దమనుషులు ఎంతమందో! తర్వాత ఊరి జనమే ఓట్లేసి షెరీఫ్‌ను చేశారు, అదీ వరుసగా పదమూడుసార్లు. ఆ గౌరవం ఊరిది. ఆయన పతకాలను లెక్కలో వేసుకున్న దేశానిది కాదు.

1925 జూన్ 14 సంగతి వేరే చెప్పాలి. కాలిఫోర్నియాలో న్యూపోర్ట్ బీచ్ దగ్గర థెల్మా అనే పడవ పెద్ద అలల్లో తలకిందులైంది. పడవలో 29 మంది. డ్యూక్ ఆ రోజు అక్కడే ఒడ్డున ఉన్నారు. సర్ఫ్‌బోర్డు చంకన పెట్టుకుని ఆ నురగలోకి పరిగెత్తారు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ వెళ్లారు. ఎనిమిది మందిని ఆయన ఒక్కరే ఒడ్డుకు చేర్చారు, తోటివాళ్లు మరో నలుగురిని. పదిహేడు మంది పోయారు. ఆటవస్తువు అనుకున్న చెక్క ప్రాణాలు కాపాడే సాధనమని ఆ రోజు తేలింది. తర్వాత బీచ్ లైఫ్‌గార్డులు బోర్డులు పట్టుకోవడం మామూలైంది. ఆయన్ను ఎలా గుర్తుంచుకోవాలని ఎవరైనా మమ్మల్ని అడిగితే ఈ ఒక్క రోజు చాలు అంటాం. మరి ఇవాళ డ్యూక్ అనగానే గుర్తొచ్చేదేమిటి? పూల చొక్కా. హోటల్ గోడ మీద నలుపు తెలుపు ఫొటో. బీచ్ పక్కన ఆయన పేరు పెట్టుకున్న రెస్టారెంటు, అందులో టేబుల్ కోసం క్యూ.

చొక్కాలకు పేరు ఇచ్చింది ఆయనే కదా, 1960ల్లో ఒక నైట్‌క్లబ్ కూడా ఆయన పేరు మీదే నడిచింది కదా అని వాదించేవాళ్లున్నారు. నిజమే, ఇచ్చారు. వంద మీటర్ల ఈతలో గెలిచినవాడికి జీతం తీసుకునే దారి మూసేసి, ఆఖరికి పేరు తప్ప అమ్ముకోవడానికి ఏమీ మిగల్చకుండా చేసి, అదిగో పేరు అమ్ముకున్నాడు చూడండి అనడం పెద్దమనిషి తరహానా? 2009లో హవాయి ఒక చట్టం చేసింది. మనిషి పోయాక డెబ్బై ఏళ్ల దాకా అతని పేరు, బొమ్మ మీద హక్కు ఉంటుందని. వారసులకు ఇది మేలే, కాదనం. కానీ వరస చూడండి. బతికి ఉండగా తన ఈతతో రూపాయి సంపాదిస్తే నేరం. చచ్చాక పేరు మాత్రం డెబ్బై ఏళ్ల ఆస్తి. పైగా ఈయనకు పిల్లలు కూడా లేరు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్నట్టు ఆ మంచితనాన్ని, హవాయివాళ్లు అలోహా అనే ఆ ఆప్యాయతను ఎవరెవరో పంచుతున్నారు, ఊరికే మాత్రం కాదు.

ఇది ఒక్క డ్యూక్‌తో పోయేది కాదని చెప్పడానికి ఆయనతోపాటు స్టాక్‌హోమ్ వెళ్లిన జిమ్ థోర్ప్ ఉన్నాడు. ఆదివాసీ బిడ్డ, రెండు స్వర్ణాలు. ఎప్పుడో బేస్‌బాల్ ఆడి నాలుగు డబ్బులు తీసుకున్నాడని 1913లో పతకాలు లాగేసుకున్నారు. 1953లో పోయాడు. ఎన్నడూ ఆయన నివసించని పెన్సిల్వేనియా ఊరొకటి పర్యాటకం పెరుగుతుందని ఆయన పేరు పెట్టుకుని, శవపేటికను తెచ్చుకుని సమాధి కట్టింది. మా నాన్నను మాకిచ్చేయండి, మా నేలలో పెట్టుకుంటాం అని కొడుకులు కోర్టుకెక్కితే ఓడిపోయారు. ఆ పోటీల్లో ఏకైక విజేత ఆయనేనని ఒలింపిక్స్ పెద్దలు మళ్లీ ఒప్పుకున్నది 2022లో. చచ్చినవాడి కళ్లు చారెడు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఒలింపిక్స్ అంటే గుర్తొచ్చింది. సర్ఫింగ్‌ను ఒలింపిక్స్‌లో చేర్చండని డ్యూక్ ఎప్పుడో అడిగారు. చేర్చింది టోక్యోలో, 2021లో. ఆయన పోయి యాభై మూడేళ్లకు. ఆయన కల నెరవేరిందని ఎంతమంది ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. ఆ పోటీలో మహిళల తొలి స్వర్ణం గెలిచింది కరిస్సా మూర్, హవాయి మూలవాసి అమ్మాయి. ప్రపంచ టూర్‌లో ఆమె పేరు పక్కన ఉండే జెండా హవాయిది. ఒలింపిక్స్‌లో మాత్రం అమెరికాది. సర్ఫింగ్ లోకమంతా హవాయిని వేరే జట్టుగా చూస్తుంది, ఎందుకంటే ఆట పుట్టిల్లు అదే. పుట్టింటి పేరు ఒక్క ఒలింపిక్స్‌లోనే వినపడదు. డ్యూక్ పుట్టిన 1890లో అక్కడ ఇంకా రాజ్యం ఉంది. మూడేళ్లకు రాణి లిలియుఒకలానీని గద్దె దించారు, 1898లో దీవులను కలిపేసుకున్నారు. తప్పు జరిగిందని అమెరికా కాంగ్రెస్ 1993లో తీర్మానం చేసి మరీ క్షమాపణ చెప్పింది. క్షమాపణకు వందేళ్లు, సర్ఫింగ్‌కు వందేళ్లు. వీళ్లకు వంద అంకె మీద ఇంత మక్కువ ఎందుకో తెలియదు. ఇక 2028లో లాస్ ఏంజెలెస్. ట్రెస్టల్స్ అనే బీచ్ అలల మీద పోటీలు. అప్పుడూ డ్యూక్ పేరు మోగుతుంది, అప్పుడూ జెండా సంగతి ఎవరూ ఎత్తరు.

విగ్రహం చుట్టూ ఉన్న నేల సంగతి కూడా ఎత్తరు. 2020 జనగణన చూస్తే హవాయి మూలవాసుల్లో సగానికి పైగా హవాయి బయటే బతుకుతున్నారు. ఇళ్ల ధరలు అందక, అద్దెలు కట్టలేక దీవులు దాటి పోతున్నవాళ్లు వాళ్లలో ఎందరో. మూలవాసి బొమ్మకు నడిబొడ్డున చోటు దొరికింది, మూలవాసికి దొరకడం లేదు. దండ వేసే చేతులకు ఇది కనపడదా?

పరాయి దేశాన్ని తిడుతూ మనం చేతులు దులుపుకోవడం కూడా కపటమే అవుతుంది కాబట్టి ఒక్క మాట. 1958లో ఇంగ్లిష్ చానల్ ఈదిన మిహిర్ సేన్ 1966లో ఒకే ఏడాది పాక్ జలసంధితో మొదలుపెట్టి జిబ్రాల్టర్, డార్డనెల్స్, బాస్పరస్ దాటి, పనామా కాలువనూ ఈదేశారు. పద్మభూషణ్ ఇచ్చాం. ఆ తర్వాత వ్యాపారం దెబ్బతిని, మతిమరుపు కమ్మేసి, 1997లో ఆయన కన్నుమూసేనాటికి దేశం ఆయన్ను పూర్తిగా మరిచిపోయింది. మనం కనీసం దండ కూడా వేయం. కూడళ్లలో మనం నిలబెట్టే విగ్రహాల్లో ఈతగాళ్లు ఎంతమందో లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు కూడా అక్కర్లేదు.

డ్యూక్‌ను సరిగ్గా గుర్తుంచుకున్నవాళ్లు లేరా? ఉన్నారు. 1968 జనవరిలో ఆయన పోయినప్పుడు బీచ్ కుర్రాళ్లు పడవలేసుకుని వైకీకీ నీళ్లలోకి వెళ్లి అస్థికలు కలిపి వచ్చారు. ఇవాళ్టికీ సర్ఫర్లు తమలో ఎవరైనా పోతే బోర్డుల మీద కూర్చుని నీళ్లలో వలయంగా చేరి పూలు వదులుతారు. సిడ్నీ దగ్గర ఫ్రెష్‌వాటర్‌లో 1914 డిసెంబరులో ఆయన స్వయంగా చెక్కి, అలమీద నిలబడి చూపించిన బోర్డును అక్కడి లైఫ్ సేవింగ్ క్లబ్బు నేటికీ భద్రంగా దాచుకుంది. ఆ చెక్కను పేరు కింద అమ్ముకోలేదు, ఆ విద్య నేర్చుకున్నారు. తీరాన ప్రాణాలు కాపాడే పిల్లల చేతుల్లో అది కొనసాగుతోంది.

హోనలూలూ నగరపాలకులకు మా సూటి ప్రశ్న. వందేళ్ల వేడుకకు బొమ్మ పోత పోయించగలిగినవాళ్లు దాన్ని నూట ఎనభై డిగ్రీలు తిప్పలేరా? క్రేన్ దొరకలేదా, ఖర్చు ఎక్కువా, లేక సెల్ఫీలు దిగేవాళ్లు నొచ్చుకుంటారనా? ఒలింపిక్స్ పెద్దలకూ ఒక మాట. 2028 వేదిక మీద ఆయన పేరు చదివేటప్పుడు, 1911లో రికార్డు ఎందుకు ఒప్పుకోలేదో, బంకులో ఎందుకు నిలబడాల్సొచ్చిందో, హవాయి జెండా ఎందుకు లేదో కూడా చదవండి. చదివే ధైర్యం లేకపోతే ఆ పేరు జోలికి రాకండి. ఆ రోజు మీ ఉపన్యాసం లేదని సముద్రం ఏమీ అనుకోదు.