వెతికే పనిముట్టే లీకైతే?

కొన్నేళ్ల కిందట నేను పనిచేసే చోట ఓ స్కానింగ్ రిపోర్టు మెయిల్లో వచ్చింది. సర్వర్లన్నీ జల్లెడ పట్టి, కార్డు నంబర్లు, ఆరోగ్య వివరాలు, జీతాల లెక్కలు ఎక్కడెక్కడ పడి ఉన్నాయో తేల్చిన ఎక్సెల్ షీటు అది. మొదటి కాలమ్‌లో ఫైలు ఎక్కడుందో రాశారు. రెండో దాంట్లో అది ఏ రకం సమాచారమో రాశారు. మూడో కాలమ్ పేరు ‘నమూనా’. అందులో కార్డు నంబర్లు మొత్తం 16 అంకెలతో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మెయిల్ వెళ్లింది సుమారు 40 మందికి. ఏ పాత ఫోల్డర్లోనో ఎవరి కంటా పడకుండా ఉన్న నంబర్లను ఏరి, వరసగా పేర్చి, ఇన్ని ఇన్‌బాక్సుల్లోకి చేర్చింది వాటిని కాపాడటానికి కొన్న సాఫ్ట్‌వేరే. ఆ రోజంతా ఒకటే టెన్షన్.

డేటా వర్గీకరణ అనగానే చాలామంది దాన్ని సర్దుడు పనిగా చూస్తారు. పబ్లిక్, అంతర్గతం, గోప్యం, అతి గోప్యం అని నాలుగు లేబుళ్లు తయారు చేసి ఫైళ్లకు తగిలించడమే అనుకుంటారు. లేబుల్ తగిలించాలంటే ముందు ఫైలు తెరిచి చదవాలి కదా. చదివేది ఎవరు, చదివింది ఎక్కడ దాచుకుంటారు అన్న ప్రశ్న సాఫ్ట్‌వేర్ కొనే కాగితాల్లో ఎక్కడో చివర ఉంటుంది. అన్నిటికంటే ముందు అడగాల్సింది అదేనని నా అభిప్రాయం.

కార్డు నంబరు సంగతే చూద్దాం. 16 అంకెలు వరసగా కనపడితే చాలదు, అది ఏ బిల్లు నంబరో కావచ్చు. అందుకే స్కానర్ లూన్ పద్ధతిలో లెక్క కట్టి చూస్తుంది. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటుకు దరఖాస్తు చేసిన చెకింగ్ లెక్క అది. కానీ ఇష్టం వచ్చినట్టు రాసిన 16 అంకెలు కూడా పదింట ఒకసారి ఆ పరీక్ష దాటేస్తాయి. దాంతో స్కానర్ ఆ అంకెల పక్కన ఉన్న మాటలు చదువుతుంది, ‘గడువు తేదీ’ లాంటివి వెతుకుతుంది. అదీ చాలకపోతే పేరా మొత్తాన్ని ఏఐ మోడల్‌కు పంపుతుంది. తప్పులు తగ్గాలంటే ఇంకా ఎక్కువ చదవాల్సిందే. ఈలోగా చదివిన పాఠం ఇండెక్సులోకి, లాగ్‌లోకి, సెంట్రల్ సర్వర్‌లోకి కాపీ అవుతూ పోతుంది. అన్ని సిస్టమ్‌ల రహస్యాలూ ఒక్కచోట చేరాక దొంగకు ఇల్లిల్లూ తిరిగే పని తప్పుతుంది.

‘మేం నంబరు దాచం, హ్యాష్ మాత్రమే దాస్తాం’ అనే సమాధానం తరచూ వినిపిస్తుంది. హ్యాష్ అంటే నంబరును ఒక లెక్కతో మార్చి తయారుచేసే గుర్తు, దాన్ని నేరుగా వెనక్కి తిప్పి నంబరు రాబట్టలేం. అక్కడ ఆగి ఒకసారి లెక్క వేయాలి. కార్డులో మొదటి 6 అంకెలు ఏ బ్యాంకుదో చెప్పేవి, వాటిలో రహస్యం ఏమీ లేదు. చివరి 4 రసీదుల మీద కనిపిస్తాయి. మిగిలేవి 6, అంటే 10 లక్షల అవకాశాలు. లూన్ లెక్క వాటిని లక్షకు తగ్గిస్తుంది. మామూలు ల్యాప్‌టాప్ ఆ లక్షకూ హ్యాష్ కట్టి పోల్చి చూడటానికి రెప్పపాటు చాలు. వేరేచోట భద్రపరిచిన రహస్య కీ కలపకుండా చేసిన హ్యాష్ పలచటి తెర లాంటిది.

ఇక లేబుల్ గురించి. ఫైలుకు తాళం వేశారు, బాగుంది. దానిమీద ‘మానసిక చికిత్స’ అని లేబుల్, పక్కన ఉద్యోగి పేరు ఉంటే ఫైలు తెరవాల్సిన పనేముంది? మెయిల్ సర్వర్, బ్యాకప్ లాంటి సిస్టమ్‌లన్నీ చదవగలిగితేనే లేబుల్‌తో ఉపయోగం, కాబట్టి అది బహిరంగంగానే తిరుగుతుంది. అందుకని ఎంత జాగ్రత్తగా చూడాలో మాత్రమే లేబుల్ చెప్పాలి, లోపల ఏముందో చెప్పకూడదు.

అన్నిటికంటే కష్టమైనది కలయిక. 1990ల్లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్రభుత్వ ఉద్యోగుల వైద్య రికార్డులను పేర్లు తీసేసి, పుట్టిన తేదీ, లింగం, పోస్టల్ కోడ్ మాత్రం ఉంచి పరిశోధకులకు ఇచ్చారు. అప్పుడు విద్యార్థినిగా ఉన్న లతాన్యా స్వీనీ 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జ్ ఓటర్ల జాబితా కొన్నారు. ఆ జాబితాలో అప్పటి గవర్నర్ విలియం వెల్డ్ పుట్టిన తేదీ ఉన్నవాళ్లు ఆరుగురు. వాళ్లలో మగవాళ్లు ముగ్గురు. ఆయన పోస్టల్ కోడ్‌లో ఉన్నది ఆయన ఒక్కరే. పుట్టిన తేదీ, లింగం, పోస్టల్ కోడ్ — వీటిలో ఏ ఒక్క కాలమ్‌నూ విడిగా చూసి స్కానర్ సాధారణంగా ‘అతి గోప్యం’ అనదు. మూడూ ఒకే వరసలోకి వచ్చేసరికి గవర్నర్ వైద్య రికార్డు బయటపడింది.

చట్టం కూడా ఇటే వస్తోంది. లిథువేనియా నుంచి వచ్చిన ఒక కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2022 ఆగస్టు 1న తీర్పు ఇస్తూ, జీవిత భాగస్వామి పేరు ప్రచురిస్తే దాన్నిబట్టి మనిషి లైంగిక ధోరణిని ఊహించవచ్చు కాబట్టి అదీ ప్రత్యేక రక్షణ ఉండాల్సిన సమాచారమేనంది. అంటే మామూలు ‘పేరు’ కాలమ్ కూడా పక్కన ఏముందన్న దాన్నిబట్టి సున్నితమైపోతుంది. విడివిడి సిస్టమ్‌లలో ప్రమాదం లేదన్న లేబుల్ పడ్డ రెండు పట్టికలను కలిపినప్పుడు, వచ్చిన కొత్త పట్టికకు మళ్లీ పరీక్ష జరగాలి. నేను చూసినంతలో ఎక్కువచోట్ల ఆ పని జరగదు. టెస్టింగ్ కోసం తీసిన కాపీకైతే పాత లేబుల్ కూడా వెంట రాదు.

వర్గీకరణకు వాడే మోడళ్లనూ నమ్మి వదిలేయలేం. ఫలానా రికార్డు మీద మోడల్‌కు శిక్షణ ఇచ్చారా లేదా అన్నది దాని జవాబులను బట్టే చాలాసార్లు పసిగట్టవచ్చని 2017లో పరిశోధకులు చూపించారు. అలా పసిగట్టడం కష్టమయ్యేలా, లెక్కల్లో కొలత ప్రకారం కొంత గందరగోళం కలిపే డిఫరెన్షియల్ ప్రైవసీ పద్ధతి 2006 నుంచీ ఉంది. దాన్ని వాడితే మోడల్ కచ్చితత్వం కొంత తగ్గవచ్చు. ఆ తగ్గుదలను ఒప్పుకోవాలనే నేనంటాను.

మా దగ్గర ఆ మెయిల్ తర్వాత స్కానింగ్ ఏ సర్వర్ మీద డేటా ఉంటే అక్కడే జరిగేలా మార్చారు. బయటికి వచ్చేది లేబుల్, ఎన్ని దొరికాయన్న లెక్క, అంతే. ‘నమూనా’ కాలమ్ తీసేశారు. నమూనా లేకపోతే స్కానర్ తప్పు చెప్పిందో ఒప్పు చెప్పిందో ఎలా తెలుస్తుందని కొందరు గట్టిగానే అడిగారు, అది న్యాయమైన ప్రశ్నే. ఇప్పుడు సరిచూడాల్సిన మనిషి తన అనుమతితో ఆ ఫైలు ఉన్నచోటికే వెళ్లి తెరవాలి, తెరిచినట్టు రికార్డవుతుంది. ఒక్కో ఫైలుకు రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతోంది.